ఇల్లు కాల్చి బొగ్గులమ్మడం: పాత ఎలక్ట్రానిక్స్‌లో విలువ ఎక్కడ దాక్కుంటుంది?

పాత సర్క్యూట్ బోర్డుల్ని యాసిడ్‌లో నానబెట్టి, వడగట్టి, చివరికి మూసలో మిలమిలలాడే బంగారు బొట్టును చూపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. అటక మీద పడున్న పాత ఫోన్లు, ఎప్పుడో చచ్చిపోయిన కంప్యూటరు గుర్తొచ్చి చేతులు దురద పెడతాయి. ఆ ఒక్క బొట్టు కోసం ఎన్ని బోర్డులు కరిగాయో, వాటిలో ఇంకా పనిచేసేవి ఎన్నో మాత్రం వీడియోలో చెప్పరు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క ఒకటుంది. 10 లక్షల మొబైల్ ఫోన్ల నుంచి సుమారు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 15 కిలోల పల్లాడియం, దాదాపు 16 టన్నుల రాగి తీయొచ్చట. వింటే గని దొరికినట్టే ఉంటుంది. ఇప్పుడు దాన్ని 10 లక్షలతో భాగించండి. ఫోనుకు 0.034 గ్రాముల బంగారం. ముప్పై ఫోన్లు కరిగిస్తే ఒక గ్రాము, అదీ పిసరు కూడా పోకుండా తీసే నేర్పు ఉంటే. ఆ ముప్పై ఫోన్లలో పగలని స్క్రీన్లు, కెమెరాలు, చార్జింగ్ బోర్డులు ఓ పదింటివి బాగున్నా చాలు, వాటిని విడిగా అమ్మితే వచ్చేది చాలాసార్లు ఆ గ్రాము బంగారాన్ని దాటిపోతుంది. ఇల్లు కాల్చి బొగ్గులమ్ముకోవడం అని పెద్దలు అన్నది ఇలాంటి పనినే.

టన్ను లెక్క వేరు, సంచి లెక్క వేరు

"గనిలో రాయి కన్నా పాత ఫోన్లలోనే బంగారం ఎక్కువ" అన్న మాట అబద్ధం కాదు. మామూలు బంగారు ఖనిజంలో టన్నుకు ఒకటి నుంచి అయిదు గ్రాముల దాకా ఉంటుంది. ఫోన్ల కుప్పలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. చిక్కంతా ఆ "కుప్ప" అన్న మాటలోనే ఉంది.

టోక్యో ఒలింపిక్స్ పతకాల్నే తీసుకోండి. 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా జపాన్ అంతటా జనం ఇచ్చిన పాత పరికరాల నుంచి దాదాపు 5,000 పతకాలకు సరిపడా లోహం తీశారు: 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు. పురపాలక సంస్థలు పోగుచేసిన చిన్న పరికరాల బరువు 78,985 టన్నులు. ఫోన్లు దానికి అదనం. ఆ బంగారం బరువునీ ఈ పరికరాల బరువునీ పక్కపక్కన పెట్టి చూస్తే టన్నుకు అర గ్రాము బంగారం కూడా రాలేదు. గనిలో రాయి కన్నా తక్కువ! తప్పు పరికరాలది కాదు. ప్లాస్టిక్ తొడుగులు, ఇనప చట్రాలు, మోటార్లు, వైర్లు అన్నీ కలిసిన కుప్పలో బంగారం పలచబడిపోతుంది. ఉన్నదంతా బోర్డుల మీద, అందులోనూ కొన్ని మూలల్లోనే ఉంటుంది. ఎక్కడ ఉందో ఎరిగి వేరు చేసేవాడికే అది ఖనిజం. మిగతావాళ్లకు బరువు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో విడుదల చేసిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో పోగుపడ్డ ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు దాఖలా ఉన్నది 22.3 శాతమే. ఆ చెత్తలోని లోహాల విలువ 9,100 కోట్ల డాలర్లని అంచనా. అందులో రాగి వాటా 1,900 కోట్లు, ఇనుము 1,600 కోట్లు, బంగారం 1,500 కోట్లు. అందరి కళ్లూ బంగారం మీదే గానీ, ఆ లెక్కలో పైచేయి రాగిది. వైరు చుట్టలు, ట్రాన్స్‌ఫార్మర్లు వదిలేసి పిన్నులు గీక్కునేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

నాలుగు మెట్లు

నా లెక్కలో పారేసిన ప్రతి పరికరమూ నాలుగు మెట్లలో ఏదో ఒకదాని మీద ఉంటుంది. పై మెట్టు మీద పనిచేసే వస్తువు, లేదా చిన్న మరమ్మతుతో పనిచేసేది. దాని కింద పనిచేసే విడిభాగం. దాని కింద శుభ్రంగా వేరుచేసిన లోహం. అట్టడుగున కలగలుపు తుక్కు. పై నుంచి కిందికి దిగడం క్షణం పని. కింది నుంచి పైకి ఎక్కడం కుదరదు. సుత్తితో కొట్టిన బోర్డు మళ్లీ బోర్డు కాదు.

కిందికి దిగేకొద్దీ విలువ ఎందుకంత వేగంగా పడిపోతుంది? చిప్పునే చూడండి. గోరంత సిలికాన్ ముక్క. సిలికాన్ వచ్చేది ఇసుకలాంటి క్వార్ట్జ్ నుంచి, దానికి ఖరీదే లేదు. ఆ ముక్క మీద కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లు పరిచిన పనితనానిదే ధర అంతా. మంట తగిలితే ఆ పనితనం పోయి ఇసుక మిగులుతుంది. మనం ఏరుకునే రాగీ బంగారమూ ఆ పనితనం ముందు చిల్లర.

అందుకే ఏదైనా చేతికొస్తే నేను మొదట ప్లగ్గు పెట్టి చూస్తాను. నవ్వుకోకండి. పారేసినవన్నీ చెడిపోయినవి కావు. అడాప్టర్ పోతే ల్యాప్‌టాపే పోయిందనుకుని పక్కన పడేసినవాళ్లని, ప్రింటర్లో సిరా ఎండిపోతే ప్రింటర్నే వదిలించుకున్నవాళ్లని చూశాను. దుమ్ము నిండిన ఫ్యాను, వదులైన కేబులు, ఫ్యూజు: చావు కబురు తెచ్చిన పరికరాల్లో చాలావాటి రోగం ఇంతే.

మూడు ఉబ్బిన కెపాసిటర్లు

ఒకసారి 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఒకటి నా దగ్గరికొచ్చింది. స్విచ్ వేస్తే రెండు సెకన్లు బొమ్మ కనిపించి ఆరిపోతుంది. పవర్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇచ్చినాయన "తూకానికి వేసేయ్" అన్నాడు. తూకానికి వేస్తే అందులో ఉన్నది కాస్త ప్లాస్టిక్, కాస్త ఇనప రేకు, అరచేతి వెడల్పు గోధుమరంగు బోర్డు.

వెనక డొప్ప ఊడదీసి పవర్ బోర్డు చూస్తే కథంతా అక్కడే రాసి ఉంది. వరసగా అయిదు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే విద్యుత్తును కాసేపు దాచుకునే చిన్న డబ్బాలు. రెండింటి తల బల్లపరుపుగా ఉంది. మూడింటి తల పొంగిన పూరీలా ఉబ్బింది. ఒకదాని నెత్తిన గోధుమరంగు చార కూడా కట్టింది. అదే ఆనవాలు. 2000 దశకం మొదట్లో నాసి రకం ద్రావకంతో తయారైన ఇలాంటి కెపాసిటర్లు ప్రపంచమంతా మదర్‌బోర్డుల్లో, మానిటర్లలో, పవర్ సప్లైల్లో లక్షల సంఖ్యలో చచ్చాయి. వాటితోపాటు నిక్షేపంలాంటి యంత్రాలూ చెత్తకుప్పకు చేరాయి.

మార్చడం పెద్ద విద్య కాదు. మైక్రోఫారడ్ అంకె అంతే ఉండాలి. వోల్టు అంకె అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తగ్గకూడదు. 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం తీసుకోవాలి. ఒంటి మీద అచ్చువేసిన నిలువు చార ఉన్నవైపు కాలు నెగటివ్. ఈ చివరి ముక్క పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. నా మొదటి మరమ్మతులో ఒకదాన్ని తిరగేసి అతికించాను. స్విచ్ వేయగానే టప్పుమని పేలి, గదంతా రెండు రోజులు అదోరకం కంపు. ఈ మానిటర్‌కు మాత్రం మూడూ సరిగ్గానే పడ్డాయి. అది ఆ తర్వాత ఏళ్లపాటు ఇంకొకరి బల్ల మీద వెలిగింది.

పవర్ బోర్డు తెరిచేముందు ఒక మాట. 230 వోల్టుల కరెంటు మీద నడిచే సప్లైలో పెద్ద కెపాసిటర్ దాదాపు 325 వోల్టుల్ని పట్టుకుని ఉంటుంది. ప్లగ్గు పీకినా వెంటనే వదలదు. మీటర్‌తో కొలిచి, రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మళ్లీ కొలిచాకే చెయ్యి పెట్టాలి. ఇక మైక్రోవేవ్ ఓవెన్ జోలికి కొత్తవాళ్లు అసలు పోకూడదు. దాని కెపాసిటర్ మీద వేల వోల్టులుంటాయి, రెండో అవకాశం ఇవ్వదు.

విడిభాగమే ఎందుకు

బంగారం పిచ్చి ఉన్నవాళ్లకు ముందు కనపడేది కంప్యూటర్ మెమరీ పట్టీ, ర్యామ్ స్టిక్కు. అంచున పసుపుపచ్చగా మెరిసే పళ్ల వరస. లెక్క వేసి చూద్దాం. డీడీఆర్2 అనే పాత రకం స్టిక్కులో 240 పళ్లు. ఒక్కోటి సుమారు 0.8 మిల్లీమీటర్ల వెడల్పు, 2.5 మిల్లీమీటర్ల పొడవు. అంతా కలిపి దాదాపు 4.8 చదరపు సెంటీమీటర్లు. మంచి రకం పూత మందం 0.76 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా కాదు. బంగారం సాంద్రత 19.3తో గుణిస్తే స్టిక్కుకు 7 మిల్లీగ్రాములు. ఒక గ్రాము కావాలంటే 140కి పైగా స్టిక్కులు కత్తిరించాలి, పూత పలచగా ఉంటే ఇంకా ఎక్కువ. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పనిచేసే స్టిక్కును పనిచేసే స్టిక్కుగానే అమ్మితే, పాత కంప్యూటర్‌కు ఊపిరి పోసుకుందామనుకునేవాళ్లు తీసుకుంటారు.

తయారీ ఆగిపోయిన భాగాల సంగతి ఇంకా చిత్రం. 2002లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఈబే లాంటి చోట్ల ఇంటెల్ 8086 చిప్పుల కోసం వెతుకుతోందన్న వార్త వచ్చింది. స్పేస్ షటిల్ బూస్టర్లను పరీక్షించే యంత్రాలు ఆ పాత చిప్పుల మీదే నడిచేవి, కొత్తవి దొరికేవి కావు. ఇప్పటికీ కర్మాగారాల్లో పాతికేళ్ల నాటి యంత్రాలు పాత కంట్రోల్ కార్డుతో, ఫ్లాపీ డ్రైవ్‌తో నడుస్తుంటాయి. ఆ కార్డు కాలిపోతే యంత్రమంతా ఆగుతుంది. అలాంటి కార్డు మీ కుప్పలో ఉంటే దాని ధర తూకం రాయి తేల్చదు, అవతలివాడి అవసరం తేలుస్తుంది. బోర్డు మీద అంటించిన చీటీలోని పార్ట్ నంబరును ఇంటర్నెట్‌లో వెతకడానికి అయిదు నిమిషాలు చాలు. పాత సామాన్ల వ్యాపారంలో అంత లాభసాటి అయిదు నిమిషాలు ఇంకొకటి నేనెరగను.

ల్యాప్‌టాప్ అయితే స్క్రీను, కీబోర్డు, కీలు, అడాప్టరు, ఫ్యాను. టీవీ పగిలితే లోపలి మెయిన్ బోర్డు, పవర్ బోర్డు, రిమోట్. ప్యానెల్ పగిలిన టీవీలో బోర్డులు సాధారణంగా బాగానే ఉంటాయి. బోర్డు కాలిన టీవీలో ప్యానెల్ బాగుంటుంది. ఒకరి రోగం ఇంకొకరికి మందు.

ఫోన్ల విషయంలో తాళం సంగతి మరవకూడదు. ఐఫోన్లలో 2013 నుంచి యాక్టివేషన్ లాక్ ఉంది. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఇలాంటి రక్షణే వచ్చింది. పాత యజమాని తన ఖాతా నుంచి తప్పుకోకుండా ఇచ్చిన ఫోను ఎంత తళతళలాడినా ఒక మెట్టు కిందికి దిగినట్టే, విడిభాగాలకు తప్ప పనికిరాదు. అదీ దొంగిలించింది కాదని ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) చూసి తేల్చుకున్నాకే ముట్టుకోవాలి. ఖాతా తీయించడం ఫోను చేతిలో పెట్టినప్పుడే చేయించాలి, మర్నాటికి మనిషి దొరకడు.

డేటా గురించి జనానికి రెండు రకాల నమ్మకాలున్నాయి: డిలీట్ కొడితే అంతా పోతుందని, డిస్కును పొడిస్తే తప్ప ఏదీ పోదని. రెండూ సగం సగం నిజాలే. డిలీట్ కొడితే ఫైలు పోదు, దాని చిరునామా మాత్రమే పోతుంది. హార్డ్ డిస్కునంతా ఒకసారి సున్నాలతో నింపితే సరిపోతుంది, డ్రిల్లుతో పొడవనక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి చాలదు. అది రాతల్ని తన ఇష్టం వచ్చిన చోట సర్దుకుంటుంది కాబట్టి, కొన్ని మూలలు తుడవకుండా మిగిలిపోతాయి. దానిలోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. డేటాను రహస్య సంకేతాల్లో దాచే ఎన్‌క్రిప్షన్ ఉన్న ఫోన్లలో ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవే చెరిగిపోతుంది. మిగిలిన డేటా అర్థంలేని అంకెల గుట్ట.

లోహం దాకా వస్తే

పై రెండు మెట్ల మీద నిలబడలేనివి చివరికి లోహంగా మారాల్సిందే. ఇక్కడ లాభమంతా వేరుచేయడంలో ఉంది. మొదటి పనిముట్టు అయస్కాంతం: అంటుకుంటే ఇనుము, అంటకపోతే ఆలోచించాలి. రెండోది ఆకురాయి. రాగిరంగు ఎనామెల్ పూసిన తీగ అంతా రాగి కాదు. మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్లలో, పాత టీవీ పిక్చర్ ట్యూబ్ చుట్టూ ఉండే చుట్టలో చాలాసార్లు అల్యూమినియం ఉంటుంది. ఒకచోట గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. తీగల మీది ప్లాస్టిక్‌ను కాల్చడం మహా పాపం, పైగా నష్టం: పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, మాడిన రాగికి శుభ్రంగా ఒలిచిన రాగి ధర రాదు.

బోర్డుల్లోనూ జాతులున్నాయి. టీవీ, పవర్ సప్లై లోపల కనిపించే గోధుమరంగు ఒంటివైపు బోర్డు అట్టడుగు రకం. ఆకుపచ్చ ఫైబర్‌గ్లాస్ మదర్‌బోర్డు దాని పైన. సర్వర్ల, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల బోర్డులు ఇంకా పైన. ఈ మూడింటినీ ఒకే సంచిలో వేస్తే సంచి మొత్తానికి అట్టడుగు ధరే కడతారు. అమ్మేవాడు వేరుచేయకపోతే కొన్నవాడు వేరుచేసుకుంటాడు, తేడా వాడి జేబులోకి పోతుంది.

వయసు కూడా చూడాలి. చిన్న సిరామిక్ కెపాసిటర్లలో ఒకప్పుడు పల్లాడియం ఉండేది. దాని ధర పెరగడంతో 1990ల చివరి నుంచి తయారీదార్లు నికెల్‌కు మారిపోయారు. ప్రాసెసర్లదీ అదే దారి: 1995 నాటి పెంటియం ప్రో సిరామిక్ పలక మీద ధారాళంగా బంగారం ఉండేది, తర్వాతి వాటిలో అది నామమాత్రం. అసలు తమాషా ఏమిటంటే, అలాంటి పాత చిప్పులకు ఇప్పుడు సేకరణకర్తలున్నారు. 1971 నాటి తెల్ల సిరామిక్ ఇంటెల్ 4004ను యాసిడ్‌లో వేసినవాడి అమాయకత్వానికి జాలిపడాలి. ఇక తెల్లనివన్నీ పాలు కానట్టే పచ్చనివన్నీ పసిడి కావు. ఆడియో జాకులు, స్క్రూ టెర్మినళ్లు చాలామటుకు ఇత్తడి. వెండి మాత్రం ఎవరూ చూడని చోట ఉంటుంది: కరెంటును కలిపి తెంచే రిలేలు, కాంటాక్టర్ల లోపల ఎదురెదురుగా తాకే చిన్న బొడిపెల్లో. కాకపోతే పాతవాటిలో కాడ్మియం కలిసి ఉంటుంది, వాటిని కరిగించి ఆ పొగ పీల్చడం ప్రాణాంతకం.

ఇంట్లో యాసిడ్ గురించి నా అభిప్రాయం సూటిగానే చెప్తాను: వద్దు. బంగారాన్ని కరిగించే ద్రవరాజం అంటే మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం. దాని నుంచి లేచే గోధుమరంగు పొగ ఊపిరితిత్తుల్లో నీరు పట్టిస్తుంది, అదీ కొన్ని గంటలు ఆగి. బంగారం తీశాక మిగిలే ద్రావణంలో రాగి, సీసం, నికెల్ ఉంటాయి, అది చేరేది కాలువలోకే. చైనాలోని గ్వియూ పట్టణం ఏళ్ల తరబడి ఇలాగే బోర్డులు కాల్చి, నానబెట్టి బతికింది. అక్కడి పిల్లల రక్తంలో సీసం మోతాదు మించి ఉందని పరిశోధనలు తేల్చాయి. ద్రవరాజాన్ని తెలివిగా వాడినవాడు నాకు తెలిసి ఒక్కడే: రసాయన శాస్త్రవేత్త జార్జ్ డి హెవెసీ. 1940లో నాజీ సైన్యం కోపెన్‌హాగన్‌లోకి వస్తుంటే, ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు నాజీల చేతికి చిక్కకుండా ద్రవరాజంలో కరిగించి, సీసాను అలమారలో పెట్టి వెళ్లిపోయాడు. యుద్ధం తర్వాత ఆ ద్రావణం నుంచే బంగారం తీసి పతకాలు మళ్లీ పోతపోశారు.

పద్ధతిగా చేసేచోట బోర్డులు రాగి కొలిమిలోకి పోతాయి. బెల్జియంలోని ఉమికోర్, స్వీడన్‌లోని బొలిడెన్ లాంటి సంస్థలు చేసేది ఇదే. కరిగిన రాగి బంగారాన్ని, వెండిని, పల్లాడియాన్ని తనలో కలుపుకుంటుంది. ఆ రాగిని పలకలుగా పోసి విద్యుద్విశ్లేషణ చేస్తే శుద్ధమైన రాగి ఒకవైపు చేరుతుంది, తొట్టి అడుగున బురదలా మిగిలేదాంట్లో విలువైన లోహాలన్నీ ఉంటాయి. కొలిమి పొగను కడిగి వదిలే ఏర్పాటు లేకపోతే ఇది కూడా గ్వియూయే. ఇంత చేసినా టాంటలమ్, అరుదైన మృత్తికా లోహాల లాంటివి కొలిమిలో మిగిలే చిట్టెంలో కలిసిపోతాయి. హార్డ్ డిస్కులోని నియోడిమియం అయస్కాంతాన్ని స్క్రూడ్రైవర్‌తో విడిగా తీస్తే దక్కుతుంది. డిస్కును నలగ్గొట్టే యంత్రంలో వేస్తే పొడై ఇనప ముక్కలకు అంటుకుని పోతుంది.

బ్యాటరీల విషయంలో ఆశ, భయం సమానంగా ఉండాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో సాధారణంగా ఉండే ఆరు 18650 రకం గుండ్రటి సెల్సులో ఒక జత నీరసిస్తే చాలు, రక్షణ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది. మిగతా నాలుగూ బాగుండొచ్చు. కానీ వోల్టేజ్ 2 వోల్టుల కన్నా కిందికి పడిపోయిన సెల్లును బతికించకూడదు. లోపలి రాగి కరిగి మళ్లీ పేరుకుని షార్ట్ అయ్యే ప్రమాదముంది. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం పనికిరాదు. కొనలకు టేపు వేసి, ఇసుక పోసిన ఇనప డబ్బాలో, ఆరుబయట ఉంచి, బ్యాటరీలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి.

చివరికి మిగిలేది ఎవరికీ అక్కర్లేనిది. పాత పిక్చర్ ట్యూబ్ దానికి మంచి ఉదాహరణ. గాజులో కిలోల లెక్కన సీసం. ఒకప్పుడు పాత గాజుతో కొత్త ట్యూబులు చేసేవాళ్లు. తయారీ ఆగిపోయాక ఆ గాజు ఎవరికీ పట్టని సరుకైంది, అమెరికాలో గోదాముల కొద్దీ వదిలేసి పారిపోయినవాళ్లున్నారు. దాన్ని వదిలించుకోవాలంటే ఎదురు డబ్బు కట్టాలి. అయితే అదే ట్యూబ్ పనిచేస్తుంటే కథ వేరు. పాత వీడియో గేముల ప్రియులు వాటికోసం గాలిస్తున్నారు, ఎందుకంటే తుపాకీ గురిపెట్టి ఆడే ఆ కాలం ఆటలు గీత గీతగా బొమ్మ గీసే తెర మీద తప్ప ఆడవు. ట్యూబ్ వెనక సన్నటి గాజు మెడ ఒకటి ఉంటుంది. టీవీ తెరిచి అజాగ్రత్తగా కింద పెడితే ముందు విరిగేది అదే. పెద్ద చప్పుడేమీ రాదు. ఫుస్సుమని గాలి లోపలికి పోతుంది, అంతే.